ఏడుగురి కమాను

రాజమోహన్ రెడ్డి కారు ఒకసారి ఎక్కినవాళ్ళు రెండోసారి రమ్మంటే ఏదో పని చెప్పి తప్పుకునేవాళ్ళు. అతని తల్లి కోటమ్మ ఆ ఒకసారి కూడా ఎక్కలేదు. ఎక్కినవాళ్ళు దిగి నడిచే నడక చూసింది, ఆమెకు అది చాలింది.

కారు మద్రాసులో ఒక దొరది. స్వరాజ్యం వచ్చాక కూడా మిగిలిన దొరలు సర్దుకుని వెళ్ళిపోయే రోజుల్లో ఇతను కొనుక్కొచ్చాడు. పందేలకు తోలిన బండి. నేలకు దగ్గరగా, పొడుగ్గా, పైన గుడ్డ టాపుతో ఉండేది. వెనక ఇరుసు మీద బండిని మోసే స్ప్రింగులు, మా మాటలో కమాన్లు, చూస్తే ఒక్కో పక్క తొమ్మిదేసి ఇనుప పట్టీలు, అవీ లారీకి వేసేటంత మందం. ఆత్మకూరులో నాది కొలిమి. బండి చక్రాలకు ఇనుప పట్టాలు వేసేవాణ్ణి. బస్సులు తిరగడం మొదలయ్యాక విరిగిన కమాను పట్టీలు కూడా నా దగ్గరికే వచ్చేవి. అంత చిన్న కారుకు అంత గట్టి కమాను నేను అదే చూడటం. మలుపులో బండి ఒరగకూడదు, దొరకు కావలసింది అంతే. ఆయన సిమెంటు నేల మీద తోలాడు. మాది కంకర రోడ్డు.

రెండేళ్ళుగా నేను చెబుతూనే ఉన్నాను, పట్టీలు తగ్గిద్దామని. రెండేళ్ళుగా అతను వద్దంటూనే ఉన్నాడు.

"మలుపులో చూసినావా కొండలయ్యా? గీత గీసినట్టు పోతాది" అనేవాడు.

నిజమే, పోయేది. ఉదయగిరి బస్సును మలుపులో దాటడం అతనికి అన్నం తిన్నంత పని. పక్కన కూర్చున్నవాడు నాలుక కరుచుకోవడం వేరే సంగతి.

మద్రాసు నుంచి ఆంధ్ర రాష్ట్రం విడిపోయిన ఏడు, కార్తీక మాసంలో ఒక పొద్దున అతను తనంతట తానే కొలిమి దగ్గరికి వచ్చాడు.

"కొండలయ్యా, దీన్ని మెత్తన చేయాల."

నేను పట్టకారు కింద పెట్టాను. "ఏమొచ్చింది అబ్బయ్యా?"

"అవ్వ వస్తా ఉండాది."

సంగతి ఇది. ఉదయగిరిలో మల్లికార్జునం అనే రైతు కూతుర్ని ఇతను చూసి వచ్చాడు. పిల్ల ఒప్పుకుంది. పిల్ల తండ్రి ఒప్పుకున్నాడు. మిగిలింది మల్లికార్జునం తల్లి వరలక్ష్మమ్మ. ఆ ఇంట్లో గొడ్డు కొనాలన్నా, గోడ కట్టాలన్నా ఆమె ఊఁ అనాలి. మనమరాలు పోయి కాపురం చేసే ఇల్లు తన కళ్ళతో చూస్తేనే మాట ఇస్తానంది. అయితే బస్సు వాసన ఆమెకు పడదు. ఎద్దుల బండిలో అయితే రెండు రోజులు. నా కారులో తీసుకొస్తానని ఇతను నోరు జారాడు.

ఆ కారు సంగతి ఆమెకు ముందే తెలుసు. ఆమె తమ్ముడు కామయ్య ఒకసారి కలిగిరి నుంచి ఇతనితో కారెక్కి వచ్చి, ఇంటికి పోయి మూడు రోజులు బోర్లా పడుకున్నాడు. అందుకని ఆమె కొడుకు చేత ఇట్లా చెప్పి పంపింది: "నాకు పళ్ళు లేవు. ఆకువక్క రోట్లో దంచుకుంటా. అబ్బాయి కారులో కూర్చుని దారి పొడుగునా దంచుకుంటా. రోలు నా ఒళ్ళోంచి పడిన చోట దిగి, వెనక్కి నడుస్తా. ఇంక ఆ సంబంధం మాట నా దగ్గర ఎత్తొద్దు."

రోలంటే పిడికిలంత ఇత్తడి రోలు. అయినా నాకు నవ్వొచ్చింది.

"నవ్వొద్దు కొండలయ్యా" అన్నాడు రాజమోహన్. "ఆ పిల్ల కాకపోతే నాకు పెళ్ళే వద్దు."

అతను పైకి ఏమన్నా అంటాడు గానీ, అప్పుడు మాత్రం గొంతు వేరేగా ఉంది. నేను నవ్వు ఆపాను.

"సరే. ఎన్ని పట్టీలు తీయమంటావు?"

"ఒకటి."

"ఒకటి తీస్తే ఆమె రోలు మొదటి వాగు దాకా వస్తాది."

"రెండు."

"రెండు తీస్తే రెండో వాగు దాకా."

"నువ్వే చెప్పు మరి."

"మూడు. ఒక్కో పక్క మూడు."

అతను చేయి వేసి కారు రెక్కను నిమిరాడు, అమ్మబోయే గుర్రాన్ని నిమిరినట్టు.

"మలుపులో ఒరగదా?"

"ఒరుగుతాది."

"ఎంత?"

"మెల్లగా తోలితే కొంచెమే."

"మెల్లగా అంటే?"

"బస్సు వెనకాల."

అతను కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. తర్వాత, "తీసెయ్" అన్నాడు. "ఒక మాట. అవ్వకు ఈ సంగతి తెలియకూడదు. తను ముసలిదని ఇనుము పీకించినానంటే ఇంకో గొడవ."

కమాను లెక్క బరువును బట్టి ఉంటుంది. పైన బరువు కూర్చున్నాక కూడా ఇరుసుకూ చాసీకీ మధ్య సందు మిగలాలి. సందు ఉన్నంతసేపే కమాను ఊగుతుంది. సందు లేకపోతే ఎముకకు ఎముక కొట్టుకున్నట్టే. అందుకని అడిగాను, ఎంతమంది ఎక్కుతారని.

"అవ్వ, మల్లికార్జునం మామ, నేను, నువ్వు. దారిలో ఏమన్నా అయితే నువ్వుండాల గదా. అవ్వను సగం మనిషి కింద లెక్కేసుకో."

మూడున్నర మనుషుల లెక్కకు వడ్ల బస్తాలు వేసి చూశాం. సందు నాలుగు వేళ్ళు వచ్చింది. వెనక సీటు మీద అంచు దాకా నీళ్ళు పోసిన చెంబు పెట్టి చేజర్ల దాకా పోయి వచ్చాం. రెండు వేళ్ళ నీళ్ళు తగ్గినాయి, అంతే. వచ్చేటప్పుడు ఒక మలుపులో అతను ఆగలేక కొంచెం గట్టిగా తిప్పాడు. బండి పక్కకు వాలింది.

"గేదె పొర్లినట్టు ఉండాది" అన్నాడు. 

మేమిద్దరం చేసిన తప్పు ఇక్కడే ఉంది. ఇద్దరం ఈ సీమలోనే పుట్టాం. ఇట్లాంటి పనుల మీద ఎన్నోసార్లు పోయి వచ్చాం. అయినా ఇనుము లెక్క చూసుకున్నాం గానీ, శుభం మాట్లాడబోయే ఇంట్లోంచి ఎంతమంది కదులుతారో ఆ లెక్క ఒక్కరికీ తోచలేదు.

తీసిన ఆరు పట్టీలూ గోనెలో చుట్టి డిక్కీలో వేసుకున్నాను. ముందుచూపు ఏమీ కాదు. కమాను ఇనుము కొడవళ్ళకు బాగా పనికొస్తుంది. ఇంట్లో వదిలితే మా తమ్ముడు సాయంత్రానికి కొడవళ్ళు చేసి పెడతాడు.

మరునాడు మేము ఉదయగిరి చేరేటప్పటికి ఇంకా మంచు విడవలేదు. వరలక్ష్మమ్మ అప్పటికే తయారై అరుగు మీద కూర్చుని ఉంది. చిన్న మనిషి. సగం మనిషి అన్నది నిజమే. కానీ ఆమె పక్కన ఇంకో ఆడమనిషి కూడా ప్రయాణం చీరలో ఉంది.

"అల్లుడా" అన్నాడు మల్లికార్జునం, "మా అమ్మ ముందర దిగకూడదు గదా. ముత్తైదువ ఉండాల. మా పెంచలమ్మొదిన వస్తాది."

"రమ్మనండి మామా" అన్నాడు రాజమోహన్.

"ఆమెతో మేము ముగ్గురం అయినాం. ముగ్గురం పోతే పని జరగదు. అందుకని మా కామయ్య మామను రమ్మన్నా."

కామయ్య స్తంభం వెనక నుంచి ఇవతలికి వచ్చాడు. చంకలో దిండు ఉంది.

"నేను రానంటే వినరు" అన్నాడు నాతో.

"పిల్ల మేనమామ లేకుండా మాట ముడి పడదు గదా" అని మల్లికార్జునం అంటుండగానే లోపలి నుంచి ఆ మేనమామ రమణయ్య వచ్చాడు. సీతారామపురం మనిషి. గడప దాటడానికి పక్కకు తిరగాల్సి వచ్చింది. బస్తాలతో చెప్పాలంటే రెండు. ఆయన వెనకాలే, ఒట్టి చేతులతో పోకూడదని, సీతాఫలాల గంప.

తలుపు వారన పెళ్ళికూతురు నిలబడి ఉంది. గంప కూడా ఎక్కేది చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మేము కాక అయిదుగురు. అందరూ కూర్చున్నాక నేను కింద చేయి పెట్టి చూశాను. నాలుగు వేళ్ళ సందులో ఒక వేలు కూడా దూరలేదు. రాజమోహన్ చెవిలో, "రెండు గంటలు ఆగితే పట్టీలు మళ్ళీ వేస్తా" అన్నాను.

"అరగంటలో వర్జ్యం వస్తాది" అన్నాడు ముందు సీటులోంచి మల్లికార్జునం. ఆయనకు చెవులు బాగా పనిచేస్తాయి. "కదలాల."

కదిలాం. వెనక నలుగురు, మధ్యలో అవ్వ. ముందు నేను మల్లికార్జునానికీ తలుపుకీ మధ్య ఇరుక్కున్నాను. ఊరు దాటగానే మొదటి గుంట. కింద నుంచి ధన్‌మని మోత.

"మొదలైంది" అన్నాడు కామయ్య.

అవ్వ రోలు గట్టిగా పట్టుకుంది. రెండో గుంట. అప్పుడూ వదల్లేదు. రోట్లో ఆకు వేసి, వక్క వేసి, రోకలి ఎత్తింది. అంతలో కల్వర్టు వచ్చింది. రోలు ఎగిరి టాపు గుడ్డకు తగిలి రమణయ్య ఒళ్ళో పడింది.

"కింద పడలేదత్తా" అన్నాడు రమణయ్య, రెండు చేతులతో దాన్ని పట్టుకుని. "నా ఒళ్ళో పడింది."

"నీ ఒళ్ళోంచి పడిన చోట అన్నానా, నా ఒళ్ళోంచి అన్నానా? ఆపు అబ్బాయ్."

బండి ఆగింది. ఆమె దిగింది. రోలు కొంగులో మూటకట్టుకుని, వచ్చిన దారి పట్టింది. వెనక్కి తిరిగి చూడలేదు. పెంచలమ్మ దిగాలా వద్దా అని ఒక కాలు బయట పెట్టి కూర్చుంది. రాజమోహన్ చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. అతని మెడ మీద చెమట నాకు కనపడుతోంది.

నేను మామూలుగా పెద్దల మాటల మధ్యలోకి పోను. ఆ రోజు పోయాను.

"అమ్మా, తప్పు నాది."

ఆమె ఆగింది. "నీదెట్టా?"

డిక్కీ తీసి గోనె విప్పాను. ఆరు పట్టీలు.

"కొండలయ్యా" అన్నాడు రాజమోహన్. ఊరుకోమని దాని అర్థం. నేను ఊరుకోలేదు.

"ఇవి నిన్నటిదాకా బండికి ఉన్నవి. తీసేసినా."

"ఎవురు తీయమన్నారు?"

"అబ్బయ్య."

"ఎందుకు?"

"తమరికి మెత్తన ఉండాలని."

"నేనేమన్నా బాలింతనా?" ఆమె రాజమోహన్ వైపు చూసింది. అతను కారు దిగి నేల చూస్తున్నాడు. "ఇవి ఉంటే ఎట్టుండేది?"

"నన్నడుగక్కా" అన్నాడు కామయ్య. "మూడు రోజులు..."

"నీ పిర్రల సంగతి ఊరంతా విన్నది లేరా. ఆ పొద్దు బండిలో ఎంతమంది ఉండారు?"

"నేనూ, అబ్బాయీ."

ఆమె రోడ్డు పక్కన మైలురాయి మీద కూర్చుంది. ఒక పట్టీ తెమ్మని చేతిలోకి తీసుకోబోయింది. బరువుగా ఉంటే ఒళ్ళో పెట్టుకుంది. వేలితో దాని వంపు వెంట రాసింది.

"వడ్లు దింపి ఖాళీ బండి తోలుకొచ్చేటప్పుడు కదరా ఒళ్ళు హూనమయ్యేది" అంది, ఎవరితోనో కాదు, తనలో తనే. "నిండు బండి ఎగరదు." తర్వాత నాతో, "ఇవి మళ్ళీ పెడితే ఏడుగురికి సరిపోతాదా?"

"సరిపోతాది."

"పెట్టు. అప్పుడు గూడా పడితే నడుస్తా. ఎటూ రెండు మైళ్ళే."

జాకీ వేసి పని మొదలుపెట్టాను. రాజమోహన్ పంచె ఎగ్గట్టి నాతో పాటు కిందికి దూరాడు. పెద్ద ఇంటి బిడ్డ, అయినా బోల్టు పట్టుకోవడం తెలుసు. అవ్వ అక్కడే కూర్చుని చూస్తూ, మధ్యమధ్య అడుగుతూనే ఉంది. ఆ బోల్టు ఎందుకు, ఆముదం ఎందుకు పూస్తావు, పొట్టి పట్టీ కింద ఎందుకు. చెప్పిన దానికి ఊఁ కొడుతుంది. మల్లికార్జునం, వర్జ్యం రాకముందే ఊరు దాటాం, ఇంకా నయం అనుకుంటూ పచార్లు చేశాడు. రమణయ్య సీతాఫలాలు రెండు తిన్నాడు, బరువు తగ్గుతుందని చెప్పి.

అంతలో ఆత్మకూరు బస్సు వచ్చింది. మమ్మల్ని చూసి డ్రైవరు కావాలనే నెమ్మది చేశాడు. కిటికీల్లోంచి తలలు బయటికి వచ్చాయి.

"ఏం రెడ్డా, తాడు వేసి లాగమంటావా?"

"లోపల చోటు ఉండాది, ఎక్కండి. మేమైతే ఆత్మకూరు చేరుస్తాం."

రాజమోహన్ బండి కింద నుంచి బయటికి రాలేదు. కాళ్ళు మాత్రం కనపడుతున్నాయి. దుమ్ము లేపి బస్సు పోయింది.

"అబ్బాయ్" అంది అవ్వ ఆ కాళ్ళతో, "నువ్వు దినామూ దాటేది వీళ్ళనేనా?"

"అవునవ్వా. ఇంక దాటను."

"నేను అది అడగలేదే."

మళ్ళీ అందరూ ఎక్కాక చేయి పెట్టి చూశాను. మూడు వేళ్ళ సందు. బండి కదిలింది. మొదటి గుంట వచ్చింది. కారు ఒకసారి కిందికి దిగి, నిదానంగా పైకి లేచి, సర్దుకుంది. కామయ్య దిండు సరిచేసుకున్నాడు. రెండో గుంటలో దాని అవసరం లేదని తెలిసి తల కింద పెట్టుకున్నాడు. వెనక నుంచి టకటకమని దంచే చప్పుడు వచ్చింది. ఆ కమాన్లు అంత మంచిగా పనిచేయడం రెండేళ్ళలో నేను చూడలేదు. ఇద్దర్ని మోసేటప్పుడు రాయిలాగా ఉన్నవి ఏడుగురి కింద ఉయ్యాలకు మల్లే ఊగుతున్నాయి. దొరకు అది తెలిసే అవకాశం లేదు. ఆయన ఎప్పుడూ ఒక్కడే తోలుంటాడు.

బస్సు ఊరూరా ఆగుతుంది గనక సగం దారిలో దాని వెనక్కి చేరాం. రాజమోహన్ నెమ్మది చేశాడు. హారను కూడా కొట్టలేదు. బస్సు లేపే ఎర్ర దుమ్ములో మైలు, ఇంకో మైలు. రమణయ్య దగ్గాడు. పెంచలమ్మ కొంగు ముసుగేసుకుంది. దంచే చప్పుడు ఆగిపోయింది.

"ఏంది అబ్బాయ్, నా వక్కలో మట్టి పడతా ఉండాది."

"మెల్లగా పోతా ఉండానవ్వా."

"మెల్లగా పొమ్మని నేను చెప్పినానా? రోలు పడకూడదన్నా. ఇంకేమన్నా అన్నానా?"

అతను నా వైపు చూశాడు. నేను బయటికి చూశాను. ముందు మలుపు ఉంది, ఎడమ పక్క చదును. అతను ఒక్కసారి వేలితో స్టీరింగు మీద కొట్టాడు. అంతే, బండి గొంతు మారింది. కామయ్య దిండు గుండెలకు పట్టుకున్నాడు. మలుపులో బస్సు పక్కకు చేరాం. కారు ఒరగలేదు. ఏడుగురి బరువుతో నేలను కరుచుకుని, గీత గీసినట్టు పోయింది. తలలు బయట పెట్టినవాళ్ళు లోపలికి తీసుకోవడం కనపడింది.

అవ్వ మోకాళ్ళ మీద లేచి వెనక అద్దంలోంచి బస్సు చిన్నదయ్యేదాకా చూసింది.

"ఆ డ్రైవరు మొహం చూసినావా పెంచలమ్మా?" అని, తిరిగి కూర్చుని దంచుకుంది.

ఆత్మకూరులో పెంచలమ్మ ముందు దిగింది. అవ్వ ఇల్లంతా తిరిగింది. పొయ్యి చూసింది, గాదె చూసింది, బావి తాడు పట్టుకుని ఒక చేద నీళ్ళు తోడి పారబోసింది. అన్నం తిన్నది. బాగుందనలేదు, బాగాలేదనలేదు. కోటమ్మ వడ్డించినంతసేపూ ఆమె మొహమే చూస్తూ ఉంది. రాజమోహన్ అన్నం కలిపినవాడు కలిపినట్టే లేచాడు. ఆమె మాట ఇవ్వకుండానే పొద్దు తిరిగింది.

"నేను పొద్దు గూకకముందే ఇల్లు చేరాల" అంది అవ్వ లేచి.

అప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. రమణయ్యకు నెల్లూరులో పని ఉంది. పెంచలమ్మ చేజర్లలో చెల్లెల్ని చూసి వస్తానంది. తోడుగా కామయ్య పోతానన్నాడు, మలుపు దగ్గర నుంచి ఆయనకు ఇంకా గుండె దడ తగ్గలేదు. అంటే తిరుగు ప్రయాణంలో మిగిలేది అవ్వ, మల్లికార్జునం, మేమిద్దరం. ఆ పద్దెనిమిది పట్టీల మీద.

రాజమోహన్ నన్ను గాదె వెనక్కి పిలిచాడు. "కొండలయ్యా, మళ్ళీ తీయాల."

"రెండు గంటలు."

"చీకటి పడతాది. చంపుతాది నన్ను."

"ఏందిరా గుసగుసలు?" అవ్వ మా వెనకే ఉంది. చేతిలో రోలు.

ఇంక దాచడానికి ఏముంది, అతను చెప్పేశాడు. మనుషులు తగ్గారని, బండి ఎగురుతుందని.

ఆమె నన్ను అడిగింది. "ఎంత తక్కువైంది?"

"ముగ్గురమ్మా. రమణయ్యగారిని ఇద్దరి కింద లెక్కేస్తే నలుగురు."

ఆమె నడవాలోకి పోయింది. "కోటమ్మా, చీర మార్చుకో. మీ ఆయన్ని గూడా చొక్కా వేసుకోమను."

కోటమ్మ చేతిలో గిన్నెతో బయటికి వచ్చింది. "యాడికత్తా?"

"ఉదయగిరికి. ఈ పొద్దు దశమి. రేపూ ఎల్లుండీ అని తిరిగేదెందుకు, ఈ సాయంత్రమే తాంబూలాలు మార్చుకుందాం. బండిలో చోటు ఉండాది గదా."

 మల్లికార్జునం భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. రాజమోహన్ గాదెకు ఆనుకుని నిలబడిపోయాడు.

కోటమ్మ గిన్నె కింద పెట్టి నా దగ్గరికి వచ్చింది. ముప్పై ఏళ్ళుగా ఆ ఇంటికి పనిచేస్తున్నాను, అంత భయంగా ఆమె నన్నెప్పుడూ చూడలేదు.

"కొండలయ్యా, నిజం చెప్పు. ఎగరదు గదా?"

నేను వేళ్ళు లెక్క పెట్టాను. అవ్వ, మల్లికార్జునం, కోటమ్మ, ఆమె భర్త, రాజమోహన్, నేను.

"ఇంకొకరుంటే ఎగరదమ్మా" అన్నాను. "కొంచెం బరువైన మనిషి."

అవ్వ నవ్వింది. ఆ రోజంతటిలో అదే మొదటిసారి. తాంబూలాలకు ఎటూ పురోహితుడు కావాలని, వీధి చివరి నుంచి పంతులుగారిని పిలిపించింది. ఆయన రమణయ్యకు ఏమాత్రం తీసిపోడు. ఇంట్లోంచి నేరుగా వచ్చాడు, ఎందుకు పిలిచారో తెలియదు. తెలిసి, కారును చూసి, గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"పంచాంగం ఇంట్లో ఉంది తల్లీ, తెచ్చుకుంటాను" అన్నాడు.

"తెచ్చుకో పంతులూ" అంది అవ్వ వెనక సీటు మధ్యలో సర్దుకుంటూ. "పెద్దది తీసుకురా."